సీలు లేని పుస్తకం

కాలేజీ ఆఫీసు కిటికీలోంచి ఆ కాగితాల కట్ట బయటికొచ్చి పడే వేళకి మిషనక్క టోనర్ డబ్బా చంకన పెట్టుకుని వరండాలో నడుస్తోంది. కట్టకున్న దారం తెగి కాగితాలు వరండా పొడుగునా జారుకుంటూ పోయాయి. వరుసలో నిలబడ్డ పిల్లలు కాళ్లు వెనక్కి తీసుకున్నారే గానీ ఒక్కరూ వంగలేదు. వంగితే వరుసలో చోటు పోతుంది.

“సీలేదీ?” అన్నాడు కిటికీ లోపలి గుమాస్తా. “సీలు లేని మెటీరియల్ చెల్లదని బోర్డు మీద అంతేసి అక్షరాలతో రాసి పెట్టాం. కళ్లు నెత్తికెక్కాయా?”

“అదే మెటీరియల్ సార్. ఒక్క ముక్క పోకుండా రాశాను. బొమ్మలు కూడా వేశాను. ఒక్కసారి తిప్పి చూడండి సార్.”

“చేతిరాతకి హాల్ టికెట్ ఇచ్చుకుంటూ పోతే రేపు నోటిమాటకి కూడా ఇమ్మంటారు. జరుగు జరుగు. తర్వాతెవరు?”

ఆ పిల్ల జరగలేదు. వెనకున్నవాళ్లే జరిపారు.

మిషనక్క డబ్బా కింద పెట్టి కాగితాలు ఏరడం మొదలుపెట్టింది. కాలేజీ గేటు పక్క జిరాక్స్ షాపులో పదకొండేళ్లుగా మిషను నడుపుతున్న మనిషి ఆమె. అసలు పేరు ఎవరికీ తెలీదు, పిల్లలందరికీ మిషనక్కే. ఆ మెటీరియల్‌లో ప్రతి పేజీ ఆమె చేతుల మీదుగా వేలసార్లు పోయింది. ఇప్పుడు అదే మెటీరియల్ బాల్‌పెన్నుతో రాసి కళ్లముందు పడుంది. నాలుగు వందల పేజీల పైమాటే. మొదట్లో ముత్యాల్లా ఉన్న అక్షరాలు సగం దాటేసరికి వాలిపోయాయి, చివరికొచ్చేసరికి నేలకి పాకుతున్నాయి. ఆ పిల్ల నడివేలికి గుడ్డపీలిక చుట్టి ఉంది.

“ఎన్నాళ్లు రాశావమ్మా?”

“నాలుగు నెలలక్కా.”

“మీ అమ్మ ఏం చేస్తుంది?”

“ఆసుపత్రిలో దుప్పట్లు ఉతుకుతుంది.” ఆ పిల్ల ఏడవలేదు. కట్టని గుండెలకి అదుముకుని, “ఇప్పుడు ఏడాది పోయినట్టేనా అక్కా?” అని అడిగింది, బస్సు పోయిందా అని అడిగినట్టు.

మిషనక్క మిగిలిన కాగితాలు ఏరి ఆమె చేతికిచ్చింది. ఆ ఏడాది పోయింది.

ఆ సీలు సంగతి వినండి. మూడేళ్ల కిందట కాలేజీవాళ్లు ఒక రూలు పెట్టారు. తప్పుల తడక నోట్సులు చదివి విద్యార్థులు పెడదోవ పడుతున్నారట. అందుకని కాలేజీ ఆమోదించిన మెటీరియల్ కొని, దాని మీది సీలు చూపిస్తేనే హాల్ టికెట్. ఆ సీలు ఉన్నది ఒక్కచోటే, గేటు పక్క జిరాక్స్ షాపులో. ఆ షాపు యజమాని కాలేజీ కరస్పాండెంటుకి స్వయానా బావమరిది. పిల్లలు అతనికి సీలు సార్ అని పేరు పెట్టారు. అతను ఎంత చెబితే అంత. దొంగ చీకట్లోనే రావాలని లేదు, రబ్బరు ముద్ర పట్టుకుని పట్టపగలు కూడా వస్తాడు, పైగా వరుసలో నిలబడమంటాడు.

సీలు సార్‌ది తియ్యటి నోరు. మిషనక్కని ఏనాడూ చెల్లెమ్మా అనే తప్ప పిలవలేదు. చెల్లెమ్మా అంటూనే పొద్దున్న ఎనిమిది నుంచి నిలబెట్టేవాడు. చెల్లెమ్మా అంటూనే కాళ్లు వాచిన రోజు జీతం కోసేవాడు. ఆమె కూతురు అదే కాలేజీలో చదువుతోంది కనక ప్రతి ఏడూ ఒక సెట్టు ఊరికే ఇచ్చి, “మన పిల్లే కదా చెల్లెమ్మా” అనేవాడు. ఆ ఒక్క సెట్టుతో ఆమె నోటికి కూడా సీలు పడింది.

ఆ సాయంత్రం ఇంట్లో కూతురు చదువుకుంటోంది. ఒళ్లో కొత్త సెట్టు, పైన నీలం సీలు.

“చేత్తో రాసిందే ఆ పిల్ల, మీ క్లాసేనా?” అడిగింది మిషనక్క.

“నా పక్క బెంచీ. నా సెట్టు చూసే రాసుకుంది. రోజూ ఒక పాఠం ఇచ్చేదాన్ని.” కూతురు పుస్తకం మూసేసింది. “అమ్మా, ఒకటడగనా? అసలు ఒక పేజీ తీయడానికి ఎంతవుతుంది?”

పదకొండేళ్లలో ఆ మాట ఎవరూ అడగలేదు. ఎంత తీసుకుంటారని అడిగినవాళ్లే గానీ ఎంతవుతుందని అడిగినవాళ్లు లేరు. మిషనక్కకి మాత్రం తెలుసు. టోనర్ డబ్బా ఎన్ని వేల పేజీలకొస్తుందో, డ్రమ్ము ఎన్నాళ్లకి మార్చాలో, కాగితం రీము ఏ గోడౌను నుంచి ఏ ధరకి దిగుతుందో, అన్నీ ఆమె చేతుల మీద జరిగేవే.

“సార్ తీసుకునేదాంట్లో ఆరో వంతు,” అంది.

“మిగతా ఐదు వంతులూ?”

“సీలుకి.”

కూతురు ఒళ్లోని సెట్టు మీది సీలుని గోటితో గీకింది. ఆ గీకుడు తిట్టుకంటే గట్టిగా తగిలింది మిషనక్కకి.

మర్నాడు షాపులో పిల్లలు కిక్కిరిసి ఉన్నారు. ఆ పిల్ల క్లాసుకి హాల్ టికెట్ల గడువు అయిపోయింది గానీ, పై క్లాసుల వాళ్లకి నెలాఖరు దాకా ఉంది. ఒక కుర్రాడు చిల్లర తక్కువై బతిమాలుతుంటే సీలు సార్ కుర్చీలోంచి, “నాకేం మిగులుతుంది బాబూ, కాగితం ఖర్చే మీదపడుతోంది. ఏదో మీ చదువుల కోసం నడుపుతున్నా” అన్నాడు.

మిషనక్క మిషను ఆపింది. గదిలో ఆ చప్పుడు ఆగితే అందరూ తల తిప్పుతారు.

“కాగితం ఖర్చు ఆరో వంతు కూడా కాదు,” అంది, ఎవరివైపూ చూడకుండా. “అటూ ఇటూ తీస్తే ఇంకా తగ్గుతుంది. రెండు పేజీలు చిన్నవి చేసి ఒకే కాగితం మీద తీస్తే అందులో సగం. కావాలనే ఒకవైపే తియ్యమంటారు సారు.”

సీలు సార్ ముఖం మీద నవ్వు అలాగే ఉంది, కళ్లు మాత్రం మారాయి. వరుసలో చివర్న, అందరికంటే తల ఎత్తున ఉన్న కుర్రాడొకడు గట్టిగా, “ఆ మాట మళ్లీ చెప్పక్కా” అన్నాడు. పొడుగు చూసి వాణ్ణి నిచ్చెన అనేవాళ్లు. విద్యార్థి సంఘం నాయకుడు.

ఆమె మళ్లీ చెప్పింది. రెండోసారి చెప్పడం తేలికైంది.

ఆ మధ్యాహ్నమే ఉద్యోగం పోయింది.

“తిన్నింటి వాసాలు లెక్కపెట్టావు చెల్లెమ్మా,” అన్నాడు సీలు సార్, షాపు తాళంచెవి చేతిలోంచి తీసుకుంటూ.

“తిన్నది నా రెక్కల కష్టం. వాసాలు మీవే, లెక్కపెట్టకుండానే కనపడుతున్నాయి.”

“మన పిల్లకిచ్చిన సెట్టు కూడా తెచ్చిచ్చెయ్.”

కూతురే పట్టుకెళ్లి కౌంటరు మీద పెట్టి వచ్చింది.

సైకిల్ స్టాండు దగ్గర మొదటి మీటింగు జరిగింది. నిచ్చెన గట్టు మీదికెక్కి చేయెత్తాడు. “మిత్రులారా! విద్యా వ్యాపారీకరణ అనేది సమకాలీన పాలకవర్గ ప్రయోజనాల యొక్క...”

“ఒరేయ్, మనుషులు మాట్లాడే భాషలో చెప్పరా!” అని వెనకనుంచి ఎవరో అరిచారు. అందరూ నవ్వారు. నిచ్చెన చెవులు ఎర్రబడ్డాయి. దిగి, మామూలుగా చెప్పాడు: “ఎవరూ కొనొద్దు. అంతే.”

మూడు రోజులు ఎవరూ కొనలేదు. సీలు సార్ ఒక్కడే కుర్చీలో కూర్చుని ఈగలు తోలుకున్నాడు. పిల్లలు గేటు దగ్గర నిలబడి పాటలు కూడా కట్టారు. గెలిచేశామనే అనుకున్నారు.

నాలుగో రోజు పొద్దున షాపు ముందు కొత్త బోర్డు: ఈ వారం సగం ధరే.

పదింటికల్లా ముగ్గురు, పన్నెండింటికల్లా రోడ్డు మలుపు దాకా వరుస. నిచ్చెన వరుస వెంట అటూ ఇటూ పరిగెత్తాడు. బతిమాలాడు, తిట్టాడు, చివరికి ఒకడి చొక్కా పట్టుకున్నాడు.

వాడు విడిపించుకోలేదు. నెమ్మదిగా అన్నాడు: “మీ నాన్నకి నెలజీతం ఉంది అన్నా. నువ్వు ఆగగలవు. మాకీ సగం ధర మళ్లీ రాదు. ఏడాది పోతే మా ఇంట్లో ఇంక చదివించరు. నీ పోరాటం నా ఏడాదితో చెయ్యకు.”

నిచ్చెన చెయ్యి జారిపోయింది. ఆ వరుసలో సంఘం సభ్యులు కూడా ఉన్నారు. తల వంచుకుని ఉన్నారు, అయినా ఉన్నారు.

వారం తిరిగేసరికి ధర పాతదానికంటే పైకెళ్లింది. బైండింగుకి కట్టుకూలి అని కొత్తది ఒకటి కలిసింది. అడిగితే, “గొడవ చేశారుగా, గొడవకి కూడా ఖర్చుంటుంది” అన్నాడు సీలు సార్. ఆ పరీక్షలు అలాగే గడిచిపోయాయి.

ఆసుపత్రి దుప్పట్లు ఉతికే ఆమె కూతురు పరీక్ష రాయలేదు. అమ్మతో కలిసి దుప్పట్లు పిండటానికి పోతూ, సాయంత్రాలు మిషనక్క ఇంటికొచ్చి కూర్చునేది. పిల్లలంతా ఆమెని చేతిరాత అనడం మొదలుపెట్టారు. మొదట్లో ఎగతాళికి. తర్వాత ఎగతాళి పోయింది, పేరు మిగిలింది.

ఒక సాయంత్రం చేతిరాత అడిగింది: “కొనకపోతే చదువు పోతోంది. కొంటే వాడు బలుస్తున్నాడు. కొనకుండా చదువుకునే దారే లేదా అక్కా?”

“ఉంది,” అంది మిషనక్క. “మనమే అచ్చేసుకోవడం.”

“జిరాక్స్ మిషను మనమెక్కడ కొంటాం?”

“జిరాక్స్ ఎందుకూ? పదిమందికి పది కాపీలైతే జిరాక్స్. ఐదొందల మందికి ఐదొందలంటే దానికి వేరే మిషనుంది. డూప్లికేటర్. కాగితం పెడితే ముందు ఒక మాస్టర్ తయారుచేస్తుంది. పల్చటి పొర లాంటిది. దాన్ని డ్రమ్ముకి చుట్టుకుని ఇంక తిరుగుతుంది చూడు. ఆ మాస్టర్ మీద వంద తీసినా వెయ్యి తీసినా దాని ఖర్చొక్కటే. ఎంతమంది కలిస్తే అంత చవక. ఒక్కడే తీసుకుంటే జిరాక్స్ కంటే దండగ.”

“అంటే అందరూ కలిసుంటేనే పనికొచ్చే మిషనన్న మాట.”

“అలాంటిదే. మన వీధి చివర ఒకటి పడుంది.”

వీధి చివర హమాలీల సంఘం ఆఫీసు. కాగితం గోడౌన్లలో బేళ్లు మోసేవాళ్ల సంఘం అది. మూసేసిన ఏదో బడి నుంచి ఆ మిషనుని సంఘం నోటీసుల కోసం చవగ్గా కొన్నారు. రెండేళ్ల కింద బిగుసుకుపోయింది. ఇప్పుడు దాని మీద టీ గ్లాసులు పెట్టుకుంటున్నారు.

ఆదివారం పొద్దున రెండో మీటింగు అక్కడ. ఒకవైపు ముప్పై మంది హమాలీలు, ఇంకోవైపు ఇరవై మంది విద్యార్థులు. పిల్లలు కుర్చీల్లో కూర్చున్నారు, హమాలీలు నేలమీద. చేతిరాత అది చూసి లేచి నేలమీద కూర్చుంది. తర్వాత మిగతావాళ్లూ దిగారు. నిచ్చెన అందరికంటే చివర దిగాడు.

హమాలీల పెద్ద అరవై దాటిన మనిషి. మెడ వెనక బేళ్ల ఒరిపిడికి చర్మం తోలులా కాయకట్టింది. అతను మొహమాటం ఎరగడు.

“మీకెందుకివ్వాలి?” అన్నాడు. “ఇవాళ మా మిషను మీద అచ్చేసుకుంటారు, చదువుతారు, పాసవుతారు. రేపు ఆఫీసర్లై వచ్చి, మేం కూలి పెంచమంటే మా మీదే పోలీసుల్ని పిలుస్తారు. మా గోడౌను మేనేజరు మీ కాలేజీలో చదివినవాడే. వాడి పెళ్లికి ఇదే భుజం మీద బల్లలు మోశాను.”

నిచ్చెన లేచాడు. “పెద్దయ్యా, విద్యార్థి కార్మిక ఐక్యత అనేది చారిత్రక...”

“కూర్చో నాయనా, నీ ఎత్తు చూస్తుంటే మెడ నొప్పెడుతోంది.”

నవ్వులయ్యాక గది మళ్లీ బిగిసిపోయింది. అప్పుడు చేతిరాత మాట్లాడింది. ఆమెకి ఉపన్యాసం రాదు.

“మీరన్నది నిజమేనేమో పెద్దయ్యా. నేను పాసై ఆఫీసర్నైతే మిమ్మల్ని మర్చిపోతానేమో. నాకు తెలీదు, ఒట్టు పెట్టలేను. కానీ మీ మిషనుతో చదివితే మర్చిపోవడం కొంచెం కష్టం కదా? సీలు సార్ దగ్గర కొని చదివితే చాలా తేలిక.”

హమాలీల పెద్ద చాలాసేపు ఆమె చేతులకేసి చూశాడు. సబ్బునీళ్లకి నాని పొట్టు లేచిన చేతులు.

“మా మనవరాలు కూడా వచ్చే ఏడు కాలేజీకొస్తుంది,” అన్నాడొక హమాలీ, తనలో తను అనుకున్నట్టు.

“అయితే ఒక షరతు,” అన్నాడు పెద్ద. “మిషను మీది కాదు, మాది కాదు. సంఘంలో మీరూ సభ్యులు. మా కూలి సమ్మె రోజున మీరు గోడౌను ముందు కూర్చోవాలి. పరీక్షలున్నాయి అనకూడదు.”

విద్యార్థుల్లో ఇద్దరు లేచి వెళ్లిపోయారు. మిగతావాళ్లు చేతులెత్తారు.

మిషనక్క నాలుగు రోజులు ఆ మిషనుతో కుస్తీ పట్టింది. ఎండిపోయిన ఇంకు గీకింది, కాగితం లాగే రబ్బరు చక్రం అరిగితే కొత్తది వేయించింది, తుప్పు వదిలించింది. ఐదో రోజు అది దగ్గింది, మూలిగింది, ఒక నల్లటి కాగితం ఉమ్మింది. పదో కాగితానికి అక్షరాలు తేరుకున్నాయి. హమాలీలు ఆ కాగితాన్ని చేతులు మార్చుకుంటూ చూశారు. సగం మందికి చదవడం రాదు.

కాగితం సంగతి హమాలీలే చూశారు. అంచులు నలిగిన రీముల్ని గోడౌనువాళ్లు పాతకాగితం ధరకి అమ్మేస్తారని వాళ్లకే తెలుసు. ఆ నలిగిన అంచుల్ని సంఘం కత్తితో కోస్తే కింద కాగితం తెల్లగా ఉంది. ఇక కట్టుపని. నిచ్చెన స్టేప్లర్ తెచ్చాడు. అంత మందాన అది పళ్లు విరగ్గొట్టుకుంది. చూసి చూసి ఒక ముసలి హమాలీ మొలలోంచి దబ్బనం తీశాడు, బేళ్లు కుట్టే దబ్బనం. పురికొసని మైనంలో లాగి, మూడు కన్నాలతో నిమిషంలో పుస్తకం కుట్టేశాడు.

“చించమను మీ ప్రిన్సిపాల్ని,” అన్నాడు.

పిల్లలు దబ్బనం పట్టడం నేర్చుకున్నారు, వేళ్లు పొడుచుకున్నారు, తిట్లు కూడా నేర్చుకున్నారు. మధ్యాహ్నం షిఫ్టు దిగిన హమాలీలు వచ్చి మిషను పక్కన కూర్చుంటే చేతిరాత వాళ్లకి అక్షరాలు దిద్దించేది. పుస్తకం ఒక్కోటి సీలు సార్ ధరలో పదో వంతుకి పడింది. ఆ మాట కాలేజీలో ఎవరూ గట్టిగా చెప్పుకోలేదు గానీ అందరికీ తెలుసు.

ఒక్క ముల్లు మిగిలింది. మెటీరియల్ రాసింది ఒక లెక్చరర్. ఇరవై ఏళ్లుగా పాఠాలు చెబుతూ, సొంతంగా రాసుకున్న నోట్సు. దాన్ని కాలేజీ మెటీరియల్‌గా మార్చినప్పుడు ఆయనకి ఒక శాలువా కప్పారు, అంతే. చేతిరాతా నిచ్చెనా ఆయన ఇంటికెళ్లి అడిగారు. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని, “నేను మీ కోసమే రాశాను. వేసుకోండి” అని కాగితం మీద సంతకం పెట్టాడు. గుమ్మం దాకా వచ్చి, “నా పేరు మాత్రం ఎక్కడా అనకండి” అన్నాడు. సంతకం పెట్టి పేరు అనొద్దనే మనిషిని ఎంతవరకు నమ్మాలో అప్పుడే తెలియాల్సింది.

కొత్త పరీక్షలకి హాల్ టికెట్లిచ్చే రోజుకి ఇంకా ఎనిమిది రోజులే ఉన్నాయి. నాలుగు వందల పుస్తకాలు కావాలి; సీలు లేదని ఒక్కరి పుస్తకమైతే విసిరేస్తారు గానీ, నాలుగొందల మందీ ఒకేసారి పట్టుకెళ్తే విసరలేరని లెక్క. నూట నలభై కుట్టారు. మిగతావి పాఠాలు పాఠాలుగా దొంతరలు పేర్చి ఉన్నాయి.

మధ్యాహ్నం రెండింటికి జీపు, దాని వెనక వ్యాను వచ్చి ఆగాయి. ఇన్‌స్పెక్టరు లోపలికొచ్చాడు. వెనక సీలు సార్.

“కాలేజీ ఆస్తి దొంగతనంగా అచ్చేస్తున్నారని ఫిర్యాదు,” అన్నాడు ఇన్‌స్పెక్టరు. “షాపులోంచి అసలు ప్రతి ఎత్తుకొచ్చిందెవరు?”

“ఎవరూ ఎత్తుకురాలేదు. రాసినాయనే ఇచ్చాడు.” నిచ్చెన సంతకం కాగితం చూపించాడు.

ఇన్‌స్పెక్టరు ఫోను తీసి అక్కడే మాట్లాడాడు. ఫోను బయటికి వినిపించేలా పెట్టాడు. లెక్చరర్ గొంతు అందరికీ వినపడింది, కొంచెం వణుకుతూ: “ఆ సంతకం నాది కాదండీ. వాళ్లెవరో నాకు తెలీదు.”

చేతిరాత “అయ్యో సారూ” అంది, ఆయనకేదో దెబ్బ తగిలినట్టు.

సీలు సార్ ముందుకొచ్చాడు. “ఈ కేసు పిల్లల మీదికి రానివ్వను చెల్లెమ్మా. తప్పైపోయిందని కాగితం రాసివ్వు. రేప్పొద్దున్నే షాపుకొచ్చెయ్. మన పిల్ల భవిష్యత్తు చూసుకో.”

మిషనక్క కూతురు అక్కడే, దబ్బనం పట్టుకుని కూర్చుని ఉంది. తల్లి కూతురి ముఖంలోకి చూసింది. కూతురు తల అడ్డంగా ఊపింది. అంతే.

“ఇదంతా నేనే చేశాను,” అంది మిషనక్క ఇన్‌స్పెక్టరుతో. “అచ్చు తెలిసింది నాకొక్కదానికే. ఈ పిల్లలకి మిషను మీట కూడా ఎక్కడుందో తెలీదు.”

అది అబద్ధం. వారం రోజులుగా వాళ్ల చేత మాస్టర్లు ఎక్కించిందీ, ఇంకు పోయించిందీ ఆమే. పిల్లలు నోరు తెరవబోతే హమాలీల పెద్ద కళ్లతోనే కూర్చోబెట్టాడు.

పుస్తకాలు వ్యానులో పడేశారు. మిషను మిగిలింది. ఇన్‌స్పెక్టరు హమాలీల వైపు తిరిగి, “ఎత్తండ్రా” అన్నాడు.

ముప్పై మంది చేతులు కట్టుకుని నిలబడ్డారు.

“మీకే చెప్పేది. కూలిస్తాను, ఎత్తండి.”

“మా మిషను మేమెత్తం దొరా,” అన్నాడు పెద్ద.

బజారు నుంచి వేరే హమాలీల్ని పిలిపించారు. వాళ్లు గుమ్మం దాకా వచ్చి, లోపల ఎవరున్నారో చూసి, తలపాగాలు విప్పి భుజాన వేసుకుని వెనక్కి తిరిగారు. సరుకు రవాణా లారీల దగ్గరికి కబురు పోయింది. అక్కడా ఒక్క భుజం దొరకలేదు. వీధి నిండా జనం చేరారు. ఎండలో ఇన్‌స్పెక్టరు చొక్కా తడిసిపోయింది.

చివరికి నలుగురు కానిస్టేబుళ్లే పట్టుకున్నారు. ఒకడు ఎత్తితే ఒకడు దించాడు. గుమ్మం మెట్టు మీద ఒకడి కాలు తప్పింది. మిషను పక్కకి ఒరిగి రాతి మీద పడింది. డ్రమ్ము వంగి ఇంకు కారడం మొదలైంది. నల్లటి చార మెట్లు దిగి వీధిలోకి పాకింది.

మిషనక్క కళ్లు మూసుకుంది. పదకొండేళ్ల నౌకరీలో, ఉద్యోగం పోయిన రోజున కూడా రాని ఏడుపు ఇప్పుడొచ్చింది.

“ఎత్తడం కూడా ఒక విద్యే నాయనా,” అన్నాడు హమాలీల పెద్ద ఆ కానిస్టేబులుతో. గొంతులో ఎగతాళి లేదు.

జీపు ఎక్కిస్తుంటే వీధి జనం దారివ్వలేదు. జీపు వీధి దాటడానికి గంట పట్టింది.

స్టేషన్లో ఆమె ఎనిమిది రోజులుంది. కోర్టులో హాజరుపరచకుండా ఇవాళ రేపు అంటూ తిప్పారు. మొదటి రెండు రోజులూ అడిగినవే అడిగారు: నీ వెనక ఎవరున్నారు? ఏ పార్టీ? ఆమె ప్రతిసారీ ఒకటే చెప్పింది: “నా వెనకెవరూ లేరు సార్, వరుసలో నేనే చివర.” మూడో రోజు చెంప మీద కొట్టారు. కుడిచెవి ఆ తర్వాత సరిగా వినపడలేదు. ఎవరినీ చూడనివ్వలేదు. కూతురు రోజూ వచ్చి బయట గోడ పక్కన కూర్చుంటోందని స్టేషను ఊడ్చే ఆమె చెప్పింది. ఐదో రోజు నుంచి రావడంలేదని కూడా ఆమే చెప్పింది.

ఆ మాట మిషనక్కని చెంపదెబ్బ కంటే ఎక్కువ బాధించింది. భయపడిందేమో. భయపడినా తప్పులేదు, అనుకుంది. మిషను విరిగింది, పుస్తకాలు పోయాయి, లెక్చరర్ మాట తప్పాడు, హాల్ టికెట్ల రోజు ముంచుకొస్తోంది. పాపం పిల్లలు మళ్లీ ఆ వరుసలో నిలబడి ఉంటారు. నిలబడ్డవాళ్లని తిట్టుకోవడానికి ఆమెకి మనసు రాలేదు. గోడ వైపు తిరిగి పడుకుంది.

తొమ్మిదో రోజు పొద్దున పదింటికి ఇన్‌స్పెక్టరు వచ్చాడు. కోపంగా వచ్చాడు, టోపీ కూడా లేదు. ఊచల సందులోంచి ఒక పుస్తకం విసిరాడు.

“ఎక్కడ వేశారిది?”

ఆమె తీసి చూసింది. పురికొసతో కుట్టిన పుస్తకం. మూడు కన్నాల్లో ఒకటి వంకర. అట్ట మీద లెక్చరర్ పేరు లేదు, కాలేజీ పేరు లేదు, సీలు లేదు. లోపల పాఠాలు అవే, మాటలు మాత్రం ఆ మెటీరియల్‌లోవి కావు. పిల్లలు ఒక్కొక్కరు ఒక్కో పాఠం సొంత మాటల్లో రాసుకున్నారు. ఒక్కో పాఠం ఒక్కో చేతిరాత. కొన్నిచోట్ల లెక్క పక్కన, ‘ఇది మొదట మాకూ అర్థం కాలేదు, ఇలా చేసి చూడండి’ అని ఉంది. ఏడో పాఠం ఆమె కూతురు రాసింది. ఆ అక్షరాలు ఆమె ఎక్కడున్నా గుర్తుపడుతుంది.

“కాలేజీ ముందు నాలుగొందల మంది కూర్చున్నారు. అందరి చేతుల్లో ఇదే. పక్క ఊళ్ల కాలేజీల వాళ్లు కూడా వచ్చారు, వాళ్ల చేతుల్లోనూ ఇదే. ఆ హమాలీలు పనులాపి వాళ్ల చుట్టూ నిలబడ్డారు. హాల్ టికెట్లిస్తేనే లేస్తారట.” ఇన్‌స్పెక్టరు ఊచలు పట్టుకుని ఊపాడు. “ఆ మిషను స్టేషన్లో విరిగి పడుంది. నువ్విక్కడున్నావు. ఎవరు వేశారు? ఏ మిషను మీద? చెప్పు!”

ఆమెకి నిజంగా తెలీదు. పుస్తకాన్ని వెలుగుకి ఎత్తి పట్టుకుంది. డూప్లికేటర్ అచ్చులా లేదు. చెక్క చట్రానికి గుడ్డ బిగించి, దాని మీంచి ఇంకు రుద్ది ఒక్కో పేజీ చేత్తో తీసినట్టుంది. ఎక్కడ నేర్చుకున్నారో, ఎవరు నేర్పారో. కొన్ని పేజీలు మసకగా ఉన్నాయి, కొన్ని ముద్దగా. వేలితో రుద్ది చూసింది. నలుపు అంటుకుంది, ఇంకా పూర్తిగా ఆరలేదు.

“నిన్నే అడిగేది! దీన్ని చూసి నీకేం తెలుస్తోంది?”

“ఇంకు ఎక్కువేశారు సార్,” అంది మిషనక్క. “కొత్త చేతులు. నేర్చుకుంటారు.”

అని పేజీ తిప్పి, తర్వాతి పాఠం చదవడం మొదలుపెట్టింది.